తోలు తీసే రోజు

ముప్పై నాలుగో రోజు పొద్దున నా నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాను.

ఆరున్నరకు సరోజనక్క రక్తం తీయాలి. ఎడమ చెయ్యి వద్దు, సూది గుచ్చి గుచ్చి కమిలింది.
మూడు స్లైడ్లు చేయాలి. ఒకటి సార్‌కు.
వంద తెల్లకణాలు చేత్తో లెక్కపెట్టి, మిషన్ లెక్కతో సరిచూడాలి.
మూత్రం కొలత నర్సును అడిగి రాసుకోవాలి.
కరిగించే మందు ఐదు సీసాలూ ఫ్రిజ్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఇంకా ఆరు రోజులే.
స్లైడ్లకు వేసే రంగు అడుగంటింది. వడగట్టాలి.
భాగ్యమ్మ కళ్ళద్దాల పుల్ల బాగుచేయించాలి.
నాయినకు ఫోన్ చేసి తోలు సంగతి అడగాలి.

చివరి పని కొత్తది కాదు. దాన్ని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి, ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఆరేళ్ళుగా దింపుకుంటూ వస్తున్నాను. మిగతా పనులకు సాయంత్రానికల్లా టిక్కు పడేది. దానికి పడేది కాదు.

నా పేరు బాలమణి. మాది గొర్లు కాసుకునే ఇల్లు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక పరిశోధన ఆస్పత్రిలో, కింది అంతస్తు ల్యాబ్‌లో రక్తం చూసే పని నాది. ఇక్కడ జరిగింది రాయమని నన్నెవరూ అడగలేదు. పత్రికల్లో వచ్చిన వ్యాసాలు సుగుణాకర్ సార్ రాశారు, అవి సరిగ్గానే ఉన్నాయి. వాటిలో లేనిది రాస్తున్నాను.

ఆరేళ్ళ కింద ఒకరోజు క్యాంటీన్‌లో సార్ చిరాగ్గా కూర్చుని ఉన్నారు. ఆయన పని అంతా ఒక్క ప్రశ్న మీదే. ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెడితే, ఒంట్లోని తెల్లకణాలు దాన్ని పరాయిదని పట్టుకుని చంపేస్తాయి. చంపకుండా ఉండాలంటే జీవితాంతం తెల్లకణాలను మందులతో అణిచి ఉంచాలి. అణిచి ఉంచితే చిన్న జలుబు కూడా ప్రాణం మీదికొస్తుంది. "అణచకుండా ఒప్పించడం ఎలా?" అని ఆయన టీ గ్లాసును అడుగుతున్నట్టు అడిగారు.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"మా నాయిన గొర్రెను ఒప్పిస్తడు సార్," అన్నాను.

పిల్ల చచ్చిపోయిన గొర్రె, తల్లి లేని ఇంకో పిల్లను దగ్గరికి రానీయదు, కుమ్మి పడేస్తుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి, ఈ తల్లిలేని పిల్లకు చొక్కాలాగా తొడుగుతారు. తల్లి వాసన చూస్తుంది. తన పిల్ల వాసనే వస్తుంది. పాలిస్తుంది. కొన్నాళ్ళకు తోలు తీసేసినా, అప్పటికి అది తన పిల్లే. నా పదకొండో ఏట మా నల్లగొర్రెకు నాయిన అలా చేశాడు. తోలు తొడుగుతుంటే పిల్ల కాళ్ళు నేనే పట్టుకున్నాను.

సార్ టీ చల్లారిపోయింది. "తోలు ఎలా తీస్తారు?" అని అడిగారు.

అప్పటికి ల్యాబ్‌లో చేరి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో నాకు తెలిసిన సంగతి ఒకటి ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

"ఒక రోజు చూసుకుని తీసేస్తరు సార్. ఒక్కసారే," అన్నాను.

నేను అది చూడలేదు. తోలు తొడిగిన మర్నాడే బడి తెరిచారు. నాయిన నన్ను హాస్టల్‌లో దింపి వచ్చాడు. దసరాకు ఇంటికి వచ్చేసరికి ఆ పిల్ల మందలో ఏదో నాకు తెలియలేదు కూడా.

ఆ మధ్యాహ్నం నా పుస్తకంలో రాసుకున్నాను: నాయినకు ఫోన్ చేసి తోలు సంగతి అడగాలి. ఎందుకు చేయలేదంటే, చేస్తే ఆయన నవ్వుతాడు. కాపరోని బిడ్డవు, గిది తెల్వదా అంటాడు. అంతకన్నా, ఆయన వేరే మాట చెబితే నేను వెళ్ళి సార్ ముందు నిలబడి, అప్పుడు తెలియకుండానే చెప్పాను సార్ అనాలి. ఈలోపు సార్ ఆ తోలులాంటి తొడుగును కిడ్నీకి వేసి కుందేళ్ళ మీద పరీక్ష చేశారు. నిలిచింది. మేకల మీద చేశారు. నిలిచింది. తొడుగు కరిగించేది ఒక్కసారే, నలభయ్యో రోజున. అవన్నీ ఏ సూక్ష్మజీవీ సోకకుండా అద్దాల గదుల్లో, మరిగించిన నీళ్ళు తాగి పెరిగిన జంతువులని అప్పుడు నాకు తోచలేదు. సార్‌కూ తోచలేదు. ల్యాబ్‌లో అందరూ ఆ తొడుగును "తోలు" అనే పిలిచేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగానే ఉండేది.

మనిషికి మొదటిసారి పెట్టింది సరోజనక్కకు.

ఆమెకు నలభై మూడేళ్ళు. సిద్దిపేట దిక్కు ఒక ఊరి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండేది. భర్త పోయి ఐదేళ్ళు. పిల్లల్లేరు. కిడ్నీ ఇచ్చింది ఆమె ఆడబిడ్డ భాగ్యమ్మ, భర్తకు అక్క. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరి మాట ఒకరికి పడదు. ఆపరేషన్‌కు ముందు సార్ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పారు. సరోజనక్క ఒంట్లోంచే తీసిన ఐదు రకాల ప్రోటీన్లతో భాగ్యమ్మ కిడ్నీకి పలచటి తొడుగు వేస్తామనీ, తెల్లకణాలు దాన్ని చూసి మనదే అనుకుంటాయనీ, నలభై రోజులకు అలవాటు పడ్డాక తొడుగు కరిగించేస్తామనీ, మందులు మింగే బాధ ఉండదనీ చెప్పారు. ఇది మొదటిసారని, ఏమైనా కావచ్చని కూడా దాచకుండా చెప్పారు.

సరోజనక్క అంతా విని అడిగింది. "మా వదినె నన్ను ఒప్పుకోనీకి ఇరవై ఏండ్లు పట్టింది సారూ. ఈ తెల్లకణాలు నలభై రోజులల్లనే ఒప్పుకుంటయా?"

"నేనెప్పుడు ఒప్పుకున్న?" అంది భాగ్యమ్మ.

ఇద్దరూ వేలిముద్ర వెయ్యలేదు, సంతకాలే పెట్టారు. భాగ్యమ్మ తన పేరును మూడుసార్లు చదువుకుని మరీ పెట్టింది.

మొదటి నెల అంతా బాగుంది. రోజూ పొద్దున నేను ఆమె రక్తపు చుక్కను గాజు పలక మీద పల్చగా లాగి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద తెల్లకణాలు లెక్కపెట్టేదాన్ని. మిషన్ కూడా లెక్కపెడుతుంది. అవి ఎట్లా ఉన్నాయో మాత్రం మిషన్ చెప్పదని సార్ నమ్మకం. నా దగ్గర ఐదు మీటలున్న చిన్న లెక్కపెట్టె ఉంటుంది. నాయిన సాయంత్రం మందను కంచెలోకి తోలేటప్పుడు జతలు జతలుగా లెక్కపెట్టేవాడు. పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. నేనూ అట్లాగే లెక్కపెడతానని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు.

ఇరవయ్యో రోజున సరోజనక్క చక్రాల కుర్చీలో కిందికి వచ్చింది. "రోజు నా నెత్తురు పట్కపోతవు. ఏం చూస్తవో నాకు చూపియ్యి చెల్లె," అంది.

చూపించాను. కన్ను కటకానికి ఆనించి చాలాసేపు చూసింది.

"ఊదారంగు ముగ్గులు పెట్టినట్టున్నయి. గివేనా?"

"ఇవే అక్కా. ఈ మూడు ముక్కలుగా ఉన్న ముద్ద కనపడుతుందా, ఇదీ దీని అసొంటివీ ముందు ఉరికేవి. పరాయిది కనపడితే మింగుతయి, మింగి చస్తయి. ఈ గుండ్రంగా ఉన్నవి గుర్తుపెట్టుకునేవి. చిన్నప్పుడు వచ్చిన తట్టు కూడా వీటికి యాదికుంటది."

"అంటే మనోళ్ళెవరు, కానోళ్ళెవరు అని చూస్తయి."

"అంతే."

"మా వదినె లెక్క," అంది. మళ్ళీ కటకంలోకి చూసి, "పాపం, చస్తయా మింగి?" అని అడిగింది.

ముప్పై నాలుగో రోజు పొద్దున, ఆ పట్టిక రాసుకున్న రోజు, నేను రక్తం తీయడానికి పోయేసరికి ఆమె కాళ్ళు దుప్పట్లో చుట్టుకుని కూర్చుంది.

"కాళ్ళు సల్లగైతున్నయి చెల్లె. గంతే. ఇంకేం లేదు. ఆకలైతుంది."

నర్సు బీపీ చూసింది. తగ్గింది. కొద్దిగానే. జ్వరం లేదు. డాక్టర్లు వచ్చి చూశారు. మిషన్ లెక్క ప్రకారం తెల్లకణాలు ఆరువేల ఎనిమిది వందలు. నా చేతి లెక్కలో ముందు ఉరికేవి అరవై ఒకటి, గుర్తుపెట్టుకునేవి ముప్పై. పుస్తకంలో బొమ్మకు పెట్టుకోవచ్చు, అంత సరిగ్గా ఉన్నాయి. సూక్ష్మజీవి ఏదైనా రక్తంలో చేరితే జ్వరం రావాలి, ఈ లెక్క రెండింతలో మూడింతలో కావాలి. రెండూ లేవు. అందుకని సూక్ష్మజీవులను చంపే మందు మొదలుపెట్టలేదు. కొత్త కిడ్నీ మీద అక్కరలేని బరువు ఎందుకని. ముందుజాగ్రత్తగా రక్తాన్ని సూక్ష్మజీవులు మొలకెత్తే సీసాలో పోసి పెట్టారు. అందులో ఏమన్నా మొలిచేదీ లేనిదీ తెలియడానికి రెండు రోజులు పడుతుంది.

ఆ స్లైడ్ మీద ఇంకొకటి కూడా కనపడింది నాకు. ఒక తెల్లకణం పక్కన ముదురు ఊదా చుక్కలు, నాలుగైదు, జంటలు జంటలుగా. ఇంకొంచెం జరిపితే ఇంకో చోట కూడా. ఆ చుక్కలూ ఆ కణమూ ఒకదాన్నొకటి ఆనుకుని, బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఇద్దరిలాగా ఉన్నాయి. సూక్ష్మజీవులైతే ఆ కణం ఊరుకోదు. మింగేస్తుంది. కాబట్టి అవి సూక్ష్మజీవులు కావు, నా రంగులోని మడ్డి.

ఆ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు, రంగు సీసా అడుగున మడ్డి చేరితే స్లైడ్ మీద అచ్చం అలాంటి చుక్కలే పడతాయి. రంగు వడగట్టాలని పొద్దునే రాసుకున్నదాన్ని కూడా నేనే. సార్‌కు చూపిస్తే, ఎనిమిదేళ్ళ అనుభవం ఉండి మడ్డి రంగుతో స్లైడ్ చేశావా అంటారేమో. సార్ ఎప్పుడూ ఎవర్నీ అట్లా అనలేదు. కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే అలవాటు. ఏదైనా తేడాగా కనపడితే మొదట తప్పు నాదే అనుకుంటాను. హాస్టల్‌లో, కాలేజీలో, ఇక్కడ, అందరికీ తెలిసినదేదో నాకు ఒక్కదానికే తెలియదన్నట్టు బతికాను. ఆ స్లైడ్లు మూడూ తుడిచేశాను. సాయంత్రం దాకా రంగు వడగట్టాను. మళ్ళీ స్లైడ్లు చేశాను. చుక్కలు తగ్గినట్టే అనిపించింది. రిపోర్టులో "మామూలుగా ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాను.

ముప్పై ఐదో రోజు. బీపీ ఇంకొంచెం తగ్గింది. జ్వరం లేదు. తెల్లకణాలు ఆరువేల తొమ్మిది వందలు. చుక్కలు మళ్ళీ ఉన్నాయి. ఈసారి స్లైడ్ కడిగే నీళ్ళలో తేడా ఉందనుకున్నాను. నీళ్ళు మార్చాను.

మధ్యాహ్నం వార్డులోకి పోతే అక్కాచెల్లెళ్ళలాగా ఇద్దరూ కొట్లాడుకుంటున్నారు.

"పెరుగన్నం తిన్నది, ఇడ్లీ తిన్నది, మళ్ళ ఏమన్న పెట్టుమంటది," అంది భాగ్యమ్మ నాతో. "గిట్ల తినేదానికి రోగమేంది బాలమణీ? డాక్టర్లు మొకాలు గట్ల పెట్టుకున్నరెందుకు?"

"ఆడబిడ్డ కిడ్నీ గద వదినె," అంది సరోజనక్క. "సతాయించకుంట ఎట్లుంటది?"

ఆమె నవ్వుతోంది. గోళ్ళు మాత్రం నీలంగా ఉన్నాయి. నాకు ఏమీ అర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదని మనకు అనిపించేది కూడా చాలావరకు తెల్లకణాలు చేసే గొడవ వల్లే. ఒళ్ళునొప్పులు, నీరసం, నోటికి రుచి లేకపోవడం, అవన్నీ అవి పంపే కబుర్లే. ఆ కబురు పంపేవాళ్ళు పంపకపోతే మనిషికి తెలియదు. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు ఆమె మంచం దగ్గర నిలబడి, ఈ మనిషి బాగుందా బాగాలేదా అని రెండు వైపులా ఆలోచించాను. ఏ వైపూ తేలలేదు.

"మీ బాపు ఏం జేస్తడు చెల్లె?" అని అడిగింది సరోజనక్క, ఎందుకో.

"గొర్లు కాస్తడు."

"ఇంకా? నువ్వు గింత సదివినంక గూడ?"

"ఆయనకు అదే ఇష్టం అక్కా."

"మాట్లాడుతవా రోజు?"

మాట్లాడుతానన్నాను. అది కూడా నిజం కాదు.

ముప్పై ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, మొలకెత్తే సీసా దగ్గర, లోపల ఏదో మొలిచిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. సార్ స్వయంగా కిందికి వచ్చి అందులోంచి చుక్క తీసి నా మైక్రోస్కోపు కింద పెట్టారు. చూసి లేచి, నన్ను చూడమన్నారు.

ముదురు ఊదా చుక్కలు. జంటలు జంటలుగా.

"రక్తం నిండా ఉండి ఉండాలి ఇవి," అన్నారు సార్. "నీ స్లైడ్లలో కనపడలేదా?"

"కనపడ్డయి సార్."

"ఎప్పుడు?"

"మొన్న."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పక్కనే ఉండి మింగలేదా?" అన్నారు. నన్ను కాదు. "ఎందుకు మింగలేదు?"

పైన అప్పటికే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. కానీ మందు సగం పనే చేస్తుంది. మిగతా సగం తెల్లకణాలు చేయాలి. అవి చేయడం లేదు. నేను వరండాలోకి పోయి నాయినకు ఫోన్ చేశాను. వెనక గొర్ల అరుపులు వినపడుతున్నాయి.

"ఏమైంది బిడ్డా, పనిదినం పూట చేసినవ్?"

"నాయినా, పిల్లకు తోలు కప్పుతవు గద. అది ఎట్ల తీస్తవు?"

"తోలా? గదెందుకిప్పుడు?"

"చెప్పు నాయినా."

"ఎట్లేంది. రోజింత కోసి తీసుడే. ముందుగాల ముంగటి కాళ్ళకాడిది. తెల్లారి మెడకాడిది. తర్వాత పొట్టది. తోకకాడిది ఆఖరుకు. తల్లి తోక కిందనే గద వాసన పట్టేది."

"ఒక్కసారే తీస్తే?"

"బెదురుతది. గుద్ది సంపుతది."

"మరి తీయకుండా చానా రోజులు ఉంచితే?"

"మురుగుతది. తోలు కింద పురుగు వడ్తది. పురుగు పిల్లను తింటాంటే గూడ తల్లికి తెల్వది బిడ్డా. దానికి దాని పిల్ల వాసనే వస్తాంటది. మంచిగ నాకుకుంట నిలవడ్తది. గందుకే మేము పొద్దుమాపు తోలు లేపి సూస్తం, వేపాకు నూరి పెడ్తం. నీకు తెల్వదా? నల్లగొర్రెకు కప్పినప్పుడు నువ్వు ఉంటివి గద."

"కప్పినప్పుడు ఉన్న. తీసినప్పుడు బడికి పోయిన."

"అవు," అన్నాడు. "నేనే దింపొచ్చిన."

ఆయన నవ్వలేదు. ఆరేళ్ళు నేను భయపడింది ఆ నవ్వుకే.

లోపలికి వచ్చి సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. క్యాంటీన్ రోజు చెప్పిన మాట నేను చూడని మాట అని కూడా. నాయిన మాటకే ఆయన లేచి నిలబడ్డారు. జరిగింది ఇద్దరికీ అర్థమైంది: తొడుగు కొంచెం కొంచెం ఊడి రక్తంలో కలుస్తోంది. సూక్ష్మజీవులు దాన్ని ఒంటికి అంటించుకుని సరోజనక్క వాసనతో తిరుగుతున్నాయి. తెల్లకణాలకు అవి మనవాళ్ళే. తల్లి నాకుకుంటూ నిలబడింది.

తొడుగు ఇప్పుడే కరిగించాలి. ఒక్కసారి కరిగిస్తే తెల్లకణాలు బెదిరి సూక్ష్మజీవులనూ కిడ్నీనీ కలిపి పడతాయి, ఆ ఊపులో మనిషి కూడా పోవచ్చు. ఐదు ప్రోటీన్లకు ఐదు సీసాలున్నాయి. నలభయ్యో రోజున ఐదూ కలిపి ఎక్కించాలని రాసి ఉంది. సార్ ఐదింటినీ బల్ల మీద వరసగా పెట్టారు.

"తెల్లకణాలు ముందు వాసన చూసేది దేన్ని?" అని అడిగారు. ఆరేళ్ళ లెక్కలు తిరగేసి, మూడో సీసా తీసి చివర పెట్టారు. "ఇది తోక."

నాలుగు గంటలకొకటి చొప్పున ఎక్కించాలని అనుకున్నారు. ఎక్కించే ముందు ఆయన వార్డులోకి వెళ్ళి ఇద్దరికీ చెప్పారు. కిడ్నీ పోవచ్చని చెప్పారు.

"నా కిడ్నీ పోతే పోనియ్యి సారూ," అంది భాగ్యమ్మ. "దాన్ని తీస్కపోయి కుక్కలకు ఎయ్యి. మనిషి ఉండాలె."

"కుక్కలకు ఎందుకేస్తరు?" అంది సరోజనక్క. గొంతు సన్నగా వచ్చింది. "నాది అది. నేనియ్య."

మర్నాడు పొద్దున ఏడింటికి ఆమెకు జ్వరం వచ్చింది. నూటమూడు. తెల్లకణాలు పద్నాలుగు వేలు. నేను స్లైడ్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, కొత్తగా పుట్టిన కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒకదాని కడుపులో రెండు ఊదా చుక్కలు. నేను పెదాలు కదుపుకుంటూ లెక్కపెడుతూనే ఏడ్చాను. సార్ వరండాలో ఎవరికో ఫోన్లో "జ్వరం వచ్చింది, జ్వరం వచ్చింది" అని చెబుతున్నారు. ఎవరికో తెలియదు. నర్సులు కూడా నవ్వుతున్నారు.

"జొరమొస్తె గింత సంబరపడే దవాఖాన నేనెక్కడ సూడలె," అంది భాగ్యమ్మ.

సరోజనక్క మాత్రం ఆరోజు మొదటిసారి రోగిలాగా ఉంది. ఒళ్ళంతా కొడుతున్నట్టుందని మూలిగింది. ఇడ్లీ వద్దంది. నా చెయ్యి పట్టుకుని, "గిప్పుడు ఒప్పుకున్నయా చెల్లె?" అని అడిగింది. కిడ్నీనా సూక్ష్మజీవులనా, ఏ సంగతి అడిగిందో నాకు తెలియలేదు. ఒప్పుకున్నయి అక్కా అన్నాను. చూడనిది చెప్పడం నాకు అది రెండోసారి.

సాయంత్రానికి ఇరవై రెండు వేలు. ఐదో సీసా, తోకది, ఆరోజే ఎక్కించారు. తెల్లకణాలు తమ పని చేస్తూనే ఉన్నాయి. కానీ రెండు రోజులు ఎవరూ ఆపకుండా పెరిగిన సూక్ష్మజీవులు ఎన్నో ఉన్నాయి, వాటిని చంపే గొడవ ఆమె ఒళ్ళు తట్టుకునేదాని కన్నా పెద్దదైంది. ముప్పై ఎనిమిదో రోజు పొద్దున పదకొండు గంటల వేళ సరోజనక్క చనిపోయింది. భాగ్యమ్మ గోడ గడియారం చూసి, "బడిల అన్నం దించే యాళ్ళ," అంది. ఆమె కళ్ళద్దాల పుల్ల నేను అప్పటికీ బాగుచేయించలేదు. దారంతో కట్టుకుని ఉంది.

భాగ్యమ్మ ఒప్పుకుంటే కిడ్నీని పరీక్షకు తీశారు. ఆ ముక్కలను రంగువేసి చూసింది నేనే. ఒక్క తెల్లకణం కూడా దాన్ని ముట్టలేదు. రక్తనాళాల్లోంచి వచ్చి, పక్క నుంచి పోయి, ఎక్కడెక్కడి సూక్ష్మజీవులనో మింగి ఉన్నాయి. అంటే నాయిన చెప్పిన వరస సరైనది. తోలు లేకపోయినా అవి ఆ కిడ్నీని ఒప్పుకున్నాయి. మేము అనుకున్నది అయింది, మనిషి లేకుండా.

సార్‌ను అడిగాను, కనపడిన రోజే ఆ చుక్కలు చూపించి ఉంటే బతికేదా అని. చెప్పలేను అన్నారు. కిందటేడు ఇంటికి పోయినప్పుడు నాయినను కూడా అడిగాను, రెండు రోజులు ఆలస్యంగా తోలు లేపితే పిల్ల బతుకుతుందా అని. ఆయన "కొన్ని బతుకుతయి బిడ్డా," అన్నాడు. ఇద్దరూ నన్ను ఓదార్చడానికి అన్నారో నిజమే అన్నారో నాకు ఇప్పటికీ తేలలేదు. నేను తప్పు చేశానన్నది మాత్రం తెలుసు. ఏ తప్పు అన్నదే రోజుకో రకంగా కనపడుతుంది. ఒకరోజు క్యాంటీన్‌లో చెప్పిన మాట. ఒకరోజు తుడిచేసిన స్లైడ్లు. ఒకరోజు చేయని ఫోన్. ఆ క్యాంటీన్‌లో నోరు తెరవకపోతే ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళు కొందరు ఉండేవాళ్ళు కారు. ఆ లెక్క కూడా వేస్తాను, అది వేసిన రోజు ఇంకా గందరగోళంగా ఉంటుంది.

ఆ తర్వాత ఈ వైద్యం చేసిన పదకొండు మందీ బతికి ఇళ్ళకు పోయారు. ఇప్పుడు మూడో రోజు నుంచే తొడుగు కొంచెం కొంచెం కరిగిస్తారు. రోజూ కొంత రక్తాన్ని బయట గాజు గిన్నెలో తొడుగు లేకుండా కడిగి, లోపల ఏముందో చూస్తారు. దానికి మా ల్యాబ్ కాగితాల్లో "తోలు లేపడం" అనే పేరు. సార్ రాసిన వ్యాసంలో మా నాయిన పేరు ఉంది, బీరయ్య, గొర్రెల కాపరి అని. నా పేరూ ఉంది. సరోజనక్క పేరు లేదు. రోగుల పేర్లు వేయకూడదన్నది నియమం, మంచి నియమమే. ఆమె అందులో "ఒకటో రోగి". పట్టికలో ఆమె గడి కింద "నలభయ్యో రోజు చేరలేదు" అని ఉంటుంది.

భాగ్యమ్మ ఒప్పుకుంది కాబట్టి ఇక్కడ పేరు రాస్తున్నాను. రాయమని ఆమె అన్న మాటలు ఇవి. "రాయి. పొద్దునంత నాతోని కొట్లాడేది, గది గూడ రాయి."

ఆ బడికి నేను ఒకసారి పోయాను. ఇప్పుడు వేరే ఆమె వండుతోంది. ఒక టీచరమ్మ చెప్పింది, ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం సరోజనక్క రోజూ ఒక చిన్న గిన్నెడు అన్నం మూతపెట్టి పక్కన ఉంచేదట. ఎవరూ రాకపోతే చివరికి తను తినేదట. ఎందుకు ఆలస్యమైందని ఏ పిల్లనూ అడిగేది కాదట. ఆ గిన్నె అక్కడే ఉంది, అల్యూమినియంది, ఒకవైపు సొట్ట.

ఇది చదివినవాళ్ళలో ఎవరికైనా రేపు ఈ వైద్యం అవసరం పడవచ్చు. మీకో, మీ వాళ్ళకో. అప్పుడు మీ చేతికి ఒక కాగితం వస్తుంది. అందులో ఐదు సీసాల వరస ఉంటుంది, మూడో నంబరుది చివరన ఉంటుంది. ఆ అంకె అక్కడ ఎందుకుందని మీరు అడగరు, మీకు వేరే బెంగలుంటాయి. ఒక్క పని చేయండి. సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం సరోజనక్కను తలచుకోండి. సరోజన, వంట చేసే ఆమె, భాగ్యమ్మ మరదలు. ఆమెను మరిచిపోకండి.